యాభై దాటాక బొమ్మల ప్రింట్: ఎంచుకోవడం నుంచి ఉతకడం దాకా

"ఏమ్మా, ఈ వయసులో నాకు పిల్లుల చీరేంది? మనవరాలికి గౌను కుట్టేకి సరిపోతుందేమో చూడు."

అనంతపురంలో మా కుట్టు అంగడికి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఒకరు, కూతురు బెంగళూరు నుంచి పంపిన చీరను బల్ల మీద పెట్టి అన్న మాట ఇది. చీర విప్పి చూశాను. ముదురు పసుపు బాడీ. దాని మీద బొటనవేలంత పిల్లులు. ఒక్క నీలం గీతతో గీసినవి, తోక పైకెత్తి పక్కకు తిరిగి నడుస్తున్నాయి. గుడ్డ మెత్తటి ముల్ కాటన్. కత్తెర పెట్టడానికి నాకు మనసు రాలేదు. "మేడం, జాకెట్టు నేను చెప్పినట్టు కుట్టించుకోండి. ఒక్కసారి కట్టుకున్నాక కూడా నచ్చకపోతే అప్పుడు గౌను కుడతాను" అన్నాను.

ఇరవై ఏళ్లుగా ఇదే చూస్తున్నాను. చిలకలన్నా, ఏనుగులన్నా, పెద్ద పెద్ద చుక్కలన్నా ఇష్టపడే ఆడవాళ్లు యాభై దగ్గర పడగానే వాటిని బీరువాలో అడుగుకు తోసేస్తారు. చూసేవాళ్లు ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఒకటి, ఎలా కట్టుకోవాలో చెప్పేవాళ్లు లేకపోవడం ఇంకొకటి. మొదటిదానికి నా దగ్గర మందు లేదు. రెండోదానికి ఉంది, అదే ఇక్కడ రాస్తున్నాను.

బొమ్మ ఉన్నంత మాత్రాన చీర పిల్లల చీర అయిపోదు. లేపాక్షి గుడి పైకప్పు చూడండి. 16వ శతాబ్దంలో వేసిన ఆ బొమ్మల్లో పెద్దవాళ్లైన ఆడవాళ్లే కట్టుకున్న చీరల మీద గీతలు, గళ్లు, పూలు ఎన్ని రకాలో. ఆ గుడి స్తంభాల మీది చెక్కడాలను చీరల అంచుల్లోకి ఇప్పటికీ దించుతున్నారు. మనకు డిజైన్ కొత్త కాదు. ఏ బొమ్మ, ఏ గుడ్డ మీద, దేనితో కలిపి అన్నదే చూసుకోవాలి.

ముందు బొమ్మ మొహం చూడండి

అంగట్లో చీర విప్పగానే అందరూ రంగు చూస్తారు. మీరు ముందు బొమ్మ మొహం చూడండి. గుండ్రటి కళ్లు పెట్టి, పళ్లు కనిపించేలా నవ్వుతూ మనవైపే చూసే బొమ్మ పిల్లల బట్టల కోసం గీసినది. ఎంత మంచి గుడ్డ మీద ఉన్నా దాన్ని పక్కన పెట్టేయండి. పక్కకు తిరిగి నడుస్తున్నది, కొమ్మ మీద వాలినది, గీతల్లో మాత్రమే ఉన్నది, ఆకుల మధ్య సగం దాగినది అయితే పెద్దవాళ్లకు హాయిగా ఒదుగుతుంది. కలంకారీలో నెమళ్లు, జింకలు, ఏనుగులు ఎన్ని ఉన్నా ఎనభై ఏళ్ల అవ్వ కట్టుకున్నా ఎవరూ వింతగా చూడరు. వాటికి మొహంలో నవ్వు లేదు, నడకలో అందం ఉంది.

తర్వాత కొలత. మీ చెయ్యే కొలబద్ద. బొటనవేలి గోరంత బొమ్మ ఎవరికైనా సరిపోతుంది, కానీ మరీ దగ్గర దగ్గరగా ఉంటే దూరం నుంచి బట్ట మీద ఏదో చల్లినట్టు మసకగా కనిపిస్తుంది. రూపాయి బిళ్ల నుంచి మూడు వేళ్ల వెడల్పు దాకా ఉన్నవి నా లెక్కలో అన్నిటికంటే మంచివి. అరచేయి దాటితే చీరకు పరవాలేదు, పొడుగ్గా ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది. అదే బొమ్మ కుర్తీకి వస్తే కష్టం, ఎందుకో కింద చెబుతాను. రెండు బొమ్మల మధ్య ఇంకో బొమ్మ పట్టేంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీయే బట్టకు నిదానం తెస్తుంది.

రంగులు లెక్కపెట్టండి. బాడీ రంగుతో కలిపి మూడు దాటకపోతే మంచిది. నాలుగైదు ఉన్నా కొన్ని ప్రింట్లు నిలబడతాయి. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలను దగ్గరగా చూసినవాళ్లకు కారణం తెలుస్తుంది. ఎరుపు, పచ్చ, పసుపు అన్నీ ఉంటాయి. అయినా ప్రతి రంగు చుట్టూ ఒక నల్ల గీత, ఆ గీత వెంట సన్నటి చిల్లులు. ఆ గీతే రంగులను ఒకదాని మీద ఒకటి పడకుండా పట్టుకుంటుంది. ప్రింట్ చీరలో కూడా బొమ్మ చుట్టూ ముదురు గీత ఉంటే రంగులు ఎక్కువైనా కంటికి ఇబ్బంది ఉండదు. గీత లేకుండా రంగులు నేరుగా కలిసిపోయిన ప్రింట్ అయితే రెండు మూడు రంగుల దగ్గరే ఆగండి.

ఇంకో పరీక్ష ఉంది, అంగట్లో ఎవరికీ తెలియకుండా చేయొచ్చు. చీరను భుజం మీద వేసుకుని, అద్దానికి పది అడుగుల దూరం వెళ్లి ఫోన్‌తో ఫోటో తీయండి. ఆ ఫోటోను ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. బొమ్మలు నల్ల మచ్చల్లా ఎగిరి కనబడితే ప్రింట్ మీకంటే ముందు నడుస్తుందని అర్థం. బాడీ రంగులో కొంచెం కలిసిపోయి, చూస్తే గానీ పిల్లి అని తెలియకపోతే తీసేసుకోండి. దూరం నుంచి డిజైన్‌లా కనిపించి, దగ్గరికి వచ్చినవాళ్లకు మాత్రమే అది పిల్లి అని తెలియడం, అప్పుడు వాళ్ల మొహంలో వచ్చే నవ్వు, నాకు ఈ ప్రింట్లలో అన్నిటికంటే ఇష్టమైన విషయం అదే.

తల నెరిసినవాళ్లకు ఒక మాట. రంగు వేసుకోకుండా నెరిసిన జుట్టును అలాగే ఉంచుకున్నవాళ్లకు క్రీమ్, లేత బిస్కెట్ రంగు బాడీలు మొహాన్ని వెలిసిపోయినట్టు చేస్తాయి. నీలం, మెరూన్, ముదురు ఆకుపచ్చ, ముదురు పసుపు బాడీల మీద తెల్ల జుట్టు ఎంత బాగుంటుందో కట్టుకుంటే తెలుస్తుంది.

గుడ్డ

మన అనంతపురం, కడప, కర్నూలు ఎండల్లో, 40 డిగ్రీలు దాటిన రోజున పాలిస్టర్ జార్జెట్ కట్టుకుని బస్సెక్కితే ఎంత మంచి ప్రింటైనా చెమటతో ఒంటికి అంటుకుపోతుంది. అంటుకున్న బట్ట మీద బొమ్మ సాగి కనిపిస్తుంది, అప్పుడు నిజంగానే బాగుండదు. కాటన్, ముల్ కాటన్, లినెన్ కలిసిన కాటన్ తీసుకోండి. ఇంట్లో కుర్తీలకు రేయాన్ చల్లగానే ఉంటుంది కానీ ఉతికేకొద్దీ జారుతుంది.

గుడ్డ మీద ప్రింట్ ఎంత శుభ్రంగా ఉందో వెనక్కి తిప్పి చూడండి. రంగు వెనక్కి బాగా దిగి ఉంటే ఎక్కువ కాలం ఉంటుంది. ముందు మాత్రమే ప్లాస్టిక్ పొరలా చేతికి తగులుతుంటే నాలుగు ఉతుకుల్లో పగుళ్లు తేలుతుంది. పగిలిన ప్రింట్ వేసుకుంటే పాత టీషర్ట్‌లా ఉంటుంది.

పల్చటి కాటన్‌కు లోపలి పావడా తెల్లది వేసుకోవద్దు. చీర బాడీ రంగుదే ఉండాలి. తెలుపు పైకి కనబడి బొమ్మలన్నీ వెలిసినట్టవుతాయి. ఇది చిన్న విషయమే, కానీ పదిమందిలో ఎనిమిదిమంది ఇక్కడే తప్పుతారు.

చీర అయితే: బొమ్మలు ఎటు నిలబడ్డాయో చూడండి

ఈ సంగతి చీరలు అమ్మేవాళ్లు కూడా చాలామంది చెప్పరు. కట్టుకున్నప్పుడు నడుము కింద చీర అడ్డంగా చుట్టుకుంటుంది, కింది అంచు పాదాల దగ్గర ఉంటుంది. పైట మాత్రం భుజం మీద నుంచి నిలువుగా జారుతుంది, పైట చెంగు కొస కిందికి ఉంటుంది. అంటే కింద నిలబడి ఉన్న ఏనుగు, వెనక పైటలోకి వచ్చేసరికి పడుకుని ఉంటుంది. బుద్ధిగా డిజైన్ చేసినవాళ్లు పైట దగ్గర బొమ్మను పక్కకు తిప్పి వేస్తారు, కాళ్లు చెంగు కొసవైపు ఉండేలా. చీర విప్పించి పైట చూడండి. తిప్పి వేసి ఉంటే అది ఆలోచించి చేసిన చీర. తిప్పకపోతే రెండు దార్లు. అన్ని వైపులా తిరిగి ఉండే బొమ్మలు, అంటే ఎగిరే పిట్టలు, చేపలు, ఆకులు అయితే తేడా తెలియదు. ఇల్లు, చెట్టు, ఏనుగులాంటివైతే పడిపోయినట్టే కనిపిస్తాయి, వదిలేయండి.

టీచరమ్మ చీరలో బాడీలో పిల్లులు నడుస్తున్నాయి, పైటలో తిరిగి కూర్చున్నాయి. ఆ ఒక్క విషయం చూసే దాన్ని కత్తిరించనివ్వలేదు.

కుచ్చిళ్లు ఇంకో చోటు. కుచ్చిళ్లు ఒక్కోటి నాలుగైదు అంగుళాలు వస్తుంది. బొమ్మ దానికంటే వెడల్పుంటే మధ్యలో విరిగి, ఒక మడతలో తొండం, ఇంకో మడతలో తోక కనిపిస్తుంది. మూడు అంగుళాల లోపు బొమ్మ కుచ్చిళ్లలో ఎక్కడో ఒకచోట పూర్తిగా కనిపిస్తుంది. పెద్ద బొమ్మల చీర ఇప్పటికే కొనేసి ఉంటే పైటను కుచ్చు పెట్టి పిన్ చేయకుండా భుజం మీద విప్పి వదిలేయండి. బొమ్మ అక్కడ నిండుగా కనబడుతుంది, కుచ్చిళ్లలో విరిగింది ఎవరూ పట్టించుకోరు.

గంజి పెట్టినా పల్చగా పెట్టండి. గంజి ఎక్కువైతే ముల్ కాటన్ ఉబ్బి నడుము దగ్గర గుండ్రంగా నిలుస్తుంది.

జాకెట్టు: సగం పని ఇక్కడే

చీరతో పాటు వచ్చే రన్నింగ్ బ్లౌజ్‌ను అలాగే కుట్టించుకోవద్దు. ఒంటి నిండా పిల్లులు అయిపోతే చూసేవాళ్ల కంటికి ఆగే చోటు ఉండదు. బొమ్మ రంగులో ప్లెయిన్ జాకెట్టు తీసుకోండి, బాడీ రంగులో కాదు. టీచరమ్మకు పిల్లుల గీత ఏ నీలమో అదే నీలంలో మంగళగిరి ప్లెయిన్ కాటన్ తెచ్చాను. ముందు బోట్ నెక్, వెనక ఐదు అంగుళాల లోతు. చేతులు మోచేయి కింద రెండు వేళ్ల దాకా. రన్నింగ్ బ్లౌజ్ ముక్కలోంచి అరంగుళం పట్టీ తీసి చేతుల కొసకు మాత్రమే వేశాను. ఒక్కో చేతికి నాలుగో ఐదో పిల్లి తోకలు వచ్చాయి, అంతే. మిగిలిన ముక్కను ఆమె మనవరాలికి జడ రిబ్బన్లుగా కుట్టి ఇచ్చాను.

చేతి పొడవు గురించి గట్టిగా చెబుతాను. చెయ్యి ఎక్కడ బాగా లావుగా ఉందో అక్కడ జాకెట్టు చెయ్యి ఆగకూడదు. చాలామందికి అది భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో ఉంటుంది, రెడీమేడ్ జాకెట్లు ఆగేదీ అక్కడే. మోచేతికి రెండు వేళ్ల పైనో కిందో ఆపించండి. చంక దగ్గర ముడతలు పడకుండా, వీపు దగ్గర లాగకుండా కుదిరిన ప్లెయిన్ జాకెట్టు పక్కన ఎంత అల్లరి ప్రింటైనా పెద్దరికంగా నిలబడుతుంది. కుదరని జాకెట్టు పక్కన పట్టుచీర కూడా నిలబడదు. కాబట్టి డబ్బు తక్కువుంటే చీర దగ్గర తగ్గించుకుని కుట్టు దగ్గర పెట్టండి.

మొదటిసారి ధైర్యం చాలనివాళ్లు తిరగేసి మొదలుపెట్టండి: చీర ప్లెయిన్, జాకెట్టు బొమ్మలది. శ్రీకాళహస్తి చేతి కలంకారీ గానీ పెడన అచ్చు కలంకారీ గానీ ముక్కగా దొరుకుతుంది. సైజు నలభై దాటి మోచేతి చేతులు కావాలంటే 80 సెంటీమీటర్ల ముక్క చాలదు, బొమ్మను చూసి పెట్టాలంటే మీటరుంపావు అడగండి. ఒక బొమ్మ వీపు మధ్యలో, ఒక్కోటి చేతి మధ్యలో వచ్చేలా టైలర్‌కు ముక్క మీద సుద్దతో గుర్తుపెట్టి చూపించండి. గుండ్రటి బొమ్మలు ఛాతీ మీద సరిగ్గా రాకుండా చూడమని సిగ్గుపడకుండా చెప్పండి. చెప్పకపోతే మగ టైలర్లు అడగరు, ఇంటికెళ్లి అద్దంలో చూసుకుని బాధపడేది మీరే.

ధర్మవరం పట్టుచీర మీదికి బొమ్మల జాకెట్టు వేయొచ్చా అని అడుగుతుంటారు. పెద్ద జరీ అంచు, బాడీ నిండా బుటాలు ఉంటే వద్దు. రెండూ కొట్లాడుకుంటాయి. సన్న అంచుతో బాడీ ప్లెయిన్‌గా ఉన్న పాత పట్టు ఏదైనా ఉంటే దాని మీదికి కలంకారీ జాకెట్టు చాలా బాగుంటుంది.

కుర్తీ అయితే

నేను కుట్టు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక పిన్నమ్మకు ఏనుగుల కుర్తీ కుట్టాను. గుడ్డ కలిసొస్తుందని భుజం దగ్గర మడత పెట్టి ముందూ వెనకా ఒకేసారి కత్తిరించాను. ముందు ఏనుగులన్నీ నిలబడ్డాయి, వెనక అన్నీ తలకిందులుగా వేలాడాయి. ఆమె ఏమీ అనలేదు, కానీ ఆ కుర్తీ మళ్లీ వేసుకోలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బొమ్మలకు తలా కాళ్లూ ఉన్న గుడ్డను భుజం దగ్గర కుట్టు వేసే కత్తిరించాలి, ముందు ముక్క, వెనక ముక్క, చేతులు అన్నీ ఒకే దిక్కుగా. అందుకే గుడ్డ ఎక్కువ పడుతుంది. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ మామూలుగా రెండున్నర మీటర్లు సరిపోయే చోట మూడు మీటర్లు తీసుకోండి. కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి, కాటన్ కుదించుకుపోవడం చాలావరకు అప్పుడే అయిపోతుంది.

పెద్ద బొమ్మ కుర్తీకి కష్టం అన్నాను కదా. కుర్తీలో మడతలు ఉండవు, బొమ్మ మొత్తం ఎక్కడ పడితే అక్కడ అలాగే కనిపిస్తుంది. అరచేయంత పిట్ట సరిగ్గా పొట్ట మీద వాలితే చూపంతా అక్కడికే పోతుంది. చిన్న బొమ్మలే తీసుకోండి. పెద్ద బొమ్మ మీద మనసు పడితే కుర్తీ కింది భాగంలో, మోకాలి దగ్గర ఒకవైపు మాత్రమే వచ్చేలా కత్తిరించమనండి.

కోత నేరుగా, మోకాలి కిందికి, 44 నుంచి 46 అంగుళాల పొడవు. ఫ్రిల్లులు, కుచ్చుల చేతులు, మెడకు లేసులు బొమ్మల గుడ్డ మీద వద్దే వద్దు. పిల్లల గౌను పోలిక వచ్చేది వాటివల్లే. నిలువు కాలర్ గానీ చిన్న వి నెక్ గానీ పెట్టించండి. ప్యాంటు, చున్నీ ప్లెయిన్. ప్రింట్‌లో అన్నిటికంటే తక్కువగా ఉన్న రంగు ఏదో చూసి, ప్యాంటు ఆ రంగులో తీసుకోండి. కళ్ల దగ్గర చుక్కంత మెరూన్ ఉన్న చిలకల కుర్తీకి మెరూన్ ప్యాంటు వేసి చూడండి, బట్ట మొత్తం ఒక మాట మీదికి వస్తుంది.

చుక్కల ప్రింట్ సంగతి ఇంతకంటే తేలిక. దిక్కు లేదు, మొహం లేదు. నలుపు, నీలం, మెరూన్ మీద కందిగింజంత తెల్ల చుక్కలు ఆఫీసుకైనా వేసుకోవచ్చు. రూపాయి బిళ్ల దాటిన చుక్కలు చీరలో ఒప్పుతాయి, కుర్తీలో ఒప్పవు.

నగలు, చెప్పులు, బ్యాగు

నల్లపూసలు వేసుకునేవాళ్లకు సగం పని అయిపోయినట్టే. ఆ సన్నటి నలుపు, బంగారం ఏ ప్రింట్‌కైనా కుదురు తెస్తాయి. చెవులకు ముత్యాల దుద్దులో చిన్న జుంకీలో చాలు. ప్రొద్దుటూరులో చేయించిన పెద్ద హారం పెళ్లికి దాచుకోండి. పిల్లుల చీర కదా అని పిల్లి బొమ్మ కమ్మలు, పిల్లి బొమ్మ బ్యాగు కొనకండి. ఒక్కచోట బొమ్మ ఉంటే అది మీకు నచ్చి ఎంచుకున్నారని తెలుస్తుంది, నాలుగు చోట్ల ఉంటే వేషంలా కనబడుతుంది. చెప్పులు గోధుమ రంగు తోలువి, బ్యాగు కూడా తోలుదో ప్లెయిన్ గుడ్డదో అయితే చాలు.

ఎక్కడికి, ఎక్కడికి వద్దు

స్కూలు, బ్యాంకు, ప్రయాణం, పేరంటం, పుట్టినరోజులు, స్నేహితురాళ్లతో సినిమా, అన్నిటికీ బాగుంటుంది. పరామర్శకు వద్దు. పెళ్లిలో ముహూర్తానికి పట్టే కట్టుకోండి, మరునాడు పొద్దున టిఫిన్ల దగ్గరికి బొమ్మల కాటన్ కట్టుకుని రండి.

దేవుడి బొమ్మలున్న ప్రింట్ల గురించి జాగ్రత్త. వినాయకుడు, శ్రీనాథ్‌జీ (చిన్ని కృష్ణుడు), బుద్ధుడి మొహం ఈ మధ్య చీరల నిండా వేస్తున్నారు. కూర్చున్నప్పుడు ఆ బొమ్మ ఎక్కడికి వస్తుందో ఆలోచించండి. మన పెద్దవాళ్లకు అది నొప్పి కలిగిస్తుంది, నాకూ మనసొప్పదు. అలాంటి బొమ్మ పైట మీదో జాకెట్టు వీపు మీదో మాత్రమే ఉన్న చీర అయితే తీసుకోవచ్చు.

ఉతకడం

మొదటి ఉతుకుకు ముందు ఒక మూల తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి నొక్కండి. రంగు అంటితే విడిగా చన్నీళ్లలోనే ఉతకాలి, నానబెట్టి వదిలేయకూడదు. సబ్బు పొడి కొంచెమే. పిండేటప్పుడు మెలిపెట్టొద్దు. మన ఎండలో ఆరేస్తూ ఉంటే ఏ రంగైనా వెలిసిపోతుంది, కాబట్టి తిరగేసి నీడలో, గాలి ఆడే చోట వేయండి. ఇస్త్రీ కూడా లోపలివైపు నుంచే.

టీచరమ్మ ఆ చీరను వరండాలోనే ఆరేస్తారు. నాలుగు ఎండాకాలాలు గడిచాయి. మొన్న ఉగాదికి ముందు ఇంకో జాకెట్టు కొలతకు వచ్చినప్పుడు అదే కట్టుకొచ్చారు. చేతి కొసలో తోకల నీలం ఇంకా అలాగే ఉంది.